వ్యాధికాలమున వ్రాసిన మాటలు

సంఘమనగా కూడిక. నలుగురు ఒకచోట చేరి వాక్యము వినుట, కీర్తన పాడుట, ఒకే బల్లయొద్ద రొట్టెయు పాత్రయు పంచుకొనుట క్రైస్తవారాధనకు ఆయువుపట్టులు. ఆ కూడికయే పొరుగువానికి ప్రాణాపాయము తెచ్చునని వైద్యులు చెప్పు దినములు వచ్చినచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్న 2020వ సంవత్సరమున ప్రపంచమందలి సంఘములన్నిటికిని ఒక్కుమ్మడిగా ఎదురైనది. మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్యసంస్థ కోవిడ్ వ్యాధిని విశ్వమారిగా పేర్కొనెను. మార్చి 25 నుండి మన దేశమంతటను లాక్‌డౌను అమలులోనికి వచ్చెను. ఏప్రిల్ 5న మట్టలాదివారము, 10న శుభ శుక్రవారము, 12న ఈస్టరు. మూడును మూసిన తలుపుల వెనుకనే గడచిపోయినవి. 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడి, వేలాది జనమునకు చోటియ్యగల మెదకు మహాదేవాలయమున సయితము ఆ ఈస్టరు ఉదయము జనసందడి లేదు.

ఆ ఈస్టరు మొదలు 2021 ఏప్రిల్ 4న వచ్చిన ఈస్టరు వరకు లెక్కింపగా 52 ఆదివారములు. మేము కొందరము కలిసి, ఆదివారమునకొక పుట చొప్పున వ్రాసి, గుడిగంట మ్రోగవలసిన వేళకు ఇండ్లకు చేరునట్లు చేతిఫోనుల ద్వారా పంపితిమి. ఫోనుపై చదువలేని వృద్ధులకు మనుమలు చదివి వినిపించిరి. ఆ ఏడాది రచనను గూర్చి కొంత ముచ్చటించుట నేటి మా ఉద్దేశము. ఐతే మా పుటలకంటె, మాకు ముందు తెగుళ్ళ నడుమ కూర్చుండి కలము పట్టిన పూర్వులను గూర్చియే ఎక్కువగా చెప్పవలసియున్నది. వారి చేయూత లేకున్న మూడవ వారమునకే మాకు మాటలు కరవైయుండెడివి.

మొదట ఒక సంగతి. ఉత్తరము కూడికకు బదులు కాజాలదు. ఈ మాట క్రొత్త నిబంధనలోనే ఉన్నది. దాని 27 గ్రంథములలో 21 ఉత్తరములే. వ్రాసినవారు రాలేకపోవుటచేతనే అవి పుట్టినవి. పౌలు ఫిలిప్పీ పట్టణస్థులకు వ్రాసినది బంధకములలోనుండి. యోహాను పేర వెలసిన రెండవ పత్రికయు మూడవ పత్రికయు ఇంచుమించుగా ఒకే విధముగా ముగియును: చెప్పవలసినది ఇంకను చాల ఉన్నది, కాని దానిని సిరాతో చెప్పనొల్లను, వచ్చి ముఖాముఖిగానే మాటలాడుదును అని. ఎంత చక్కని ఉత్తరమైనను రాకపోకలు లేని లోటును తీర్చదని వ్రాసినవారికే తెలియును. రేడియో శ్రోతలకు మరియొక ముచ్చట గుర్తుచేయవచ్చును. ఆకాశమార్గమున ఆరాధన వినిపించుట 2020లో పుట్టిన వింత కాదు. 1921 జనవరి 2వ తేదీననే అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున ఒక దేవాలయమునుండి ఆరాధన రేడియోలో ప్రసారమైనది. నాటినుండి మంచము పట్టినవారును, దూరపు పల్లెలవారును ఆ విధముగా వినుచునే యున్నారు. 2020లో క్రొత్తగా జరిగినది ఒక్కటే: ఆరోగ్యవంతులకు సయితము ఆ మంచము పట్టినవారి స్థితి వచ్చినది.

తొలివారములలో మాకు వచ్చిన ప్రశ్నలలో ఎక్కువ భాగము ఒక్కటే ప్రశ్న. ఈ తెగులు ఎందులకు వచ్చినది? ఎవరి పాపమునకు ఇది శిక్ష? యుగాంతమునకు గుర్తా? ఈ ప్రశ్నకు జవాబులు ఆ దినములలో అంగడి సరకువలె దొరకినవి. ఒక్కొక్కరు ఒక్కొక్క జాతిని, ఒక్కొక్క మతమును, ఒక్కొక్క ప్రభుత్వమును చూపి ఇదిగో కారణమనిరి. మేము ఆ జోలికి పోరాదని మొదటి నెలలోనే నిశ్చయించుకొంటిమి. ఆ నిశ్చయమునకు ఆధారము మూడవ శతాబ్దమునాటి సిప్రియన్.

సిప్రియన్ ఉత్తరాఫ్రికాలోని కార్తేజీ నగరమునకు బిషప్పు. క్రీ. శ. 250 ప్రాంతమున రోమను సామ్రాజ్యమునందు ఒక ఘోరవ్యాధి ప్రబలి ఏండ్ల తరబడి పీడించెను. చరిత్రకారులు నేటికిని దానిని సిప్రియన్ తెగులనియే పిలుతురు. ఆయన దానిని గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. అందు మమ్ము ఆకర్షించిన గుణము దాపరికము లేకపోవుట. కడుపు జారుట, గొంతు పుండ్లగుట, కండ్లు రక్తవర్ణమగుట, కొందరికి కాళ్ళు చెడిపోవుట, కొందరికి చూపో వినికిడియో పోవుట అన్నియు ఒక వైద్యునివలె చెప్పెను. ఆనాటి విశ్వాసులు ఆయనను అడిగినది మమ్మడిగిన ప్రశ్నయే. మావారు కూడ పరులతో సమానముగా చచ్చుచున్నారేమి? ఆయన జవాబు సూటిగా ఉన్నది. శరీరము అందరిది ఒక్కటే. వాన కురియకున్న అందరి చేలును ఎండును. ఓడ బండకు తగిలిన అందులోని అందరును మునుగుదురు. మరికొందరి విచారము ఇంకొక విధమైనది. డీషియస్ చక్రవర్తి హింసాకాలమున హతసాక్షులగుటకు సిద్ధపడినవారు, ఇప్పుడు మంచముమీద జ్వరముతో చావవలసివచ్చెనే అని చింతించిరట. వారికిని ఆయన ఓర్పుతో జవాబు వ్రాసెను.

నిజము చెప్పవలెనన్న, ఆ గ్రంథమందలి పరలోకవర్ణనను సంపాదించు మనిషి పోయిన ఇంటికి మొదటి వారముననే చదివి వినిపించుటకు మాకు మనసొప్పదు. కాని సిప్రియన్ వర్ణనతో ఆగలేదు. ఆయన చరిత్ర వ్రాసిన పొంటియస్ అను డీకను చెప్పినదానినిబట్టి, ఆయన జనమును పోగుచేసి, మనవారికి మాత్రమే మేలుచేసిన అది గొప్ప కాదనియు, మనలను హింసించినవారికి కూడ సేవ చేయవలెననియు బోధించి, ధనికులు ధనముతోను పేదలు శరీరశ్రమతోను పాలుపంచుకొను ఏర్పాటు చేసెను. తెగులు ఎందులకు వచ్చెనను ప్రశ్నను ప్రక్కనుంచి, వచ్చినదానికి ఈ వారము ఏమి చేయుదమను ప్రశ్నను చేతబట్టుట మేము ఆయనయొద్ద నేర్చుకొంటిమి.

ఆ రెండవ ప్రశ్నకు లూథర్ వ్రాసినంత నిండైన జవాబు మరియెచ్చటను మాకు కనబడలేదు. 1527 ఆగస్టులో విట్టెన్‌బర్గ్ పట్టణమునకు ప్లేగు వచ్చెను. విశ్వవిద్యాలయమును జేనా నగరమునకు తరలించిరి. లూథర్‌ను కూడ వెళ్ళుమని ఆ దేశపు ప్రభువు కోరెను. లూథర్ వెళ్ళలేదు. ఊరి సంఘకాపరి బుగెన్‌హాగెనుతోపాటు నిలిచి రోగులను చూచెను. ఆయన ఇల్లే ఆసుపత్రివలె మారెను. అప్పుడు భార్య గర్భవతి. ఆ పరిస్థితిలో, బ్రెస్లావ్ నగరపు గురువు యోహాన్ హెస్ అడిగిన ప్రశ్నకు ఉత్తరము వ్రాసెను. చావునుండి పారిపోవచ్చునా అనునది ఆ ప్రశ్న.

పారిపోవువారందరు పాపులనియు లూథర్ చెప్పలేదు, నిలుచువారందరు పుణ్యాత్ములనియు చెప్పలేదు. ఒకరిపై ఇతరుల ప్రాణము ఆధారపడియుండిన, అతడు కదలరాదు. బోధకుడు, అధికారి, వైద్యుడు, తల్లిదండ్రులు, రోగికి వేరు దిక్కులేనప్పుడు పొరుగువాడు, వీరు నిలువవలెను. తన స్థానమున మరియొకరు చాలినంతగా ఉన్నచో వెళ్ళిపోవుట తప్పు కాదు. అందరి ధైర్యము ఒక కొలత కాదని కూడ ఆయన ఎరుగును. అటుపిమ్మట ఆయన రెండవ ప్రక్కకు తిరిగి, మందులు పుచ్చుకొనక, రోగస్థలములను తప్పించుకొనక, దేవుడే కాపాడునని తిరుగువారిని ఇంకను గట్టిగా మందలించెను. మందు వేసికొనుడు, ఇంటికి ధూపము వేయుడు, మీ అవసరము లేనిచోటికి పోకుడు అనుట ఆయన సలహా. రోగమును దాచి నలుగురిలో తిరుగువానిని హంతకునితో సమానముగా ఎంచెను. శ్మశానము ఊరి వెలుపల ఉండుట మేలని కూడ అదే ఉత్తరములో చర్చించెను. భక్తిగ్రంథమున ఇవన్నియు ఏల అని అడుగువారికి ఆ ఉత్తరమే సమాధానము.

ఆ ధైర్యముతోనే మేము మా పుటలలో జ్వరము వచ్చినవాడు దానిని దాచరాదని వ్రాసితిమి. మన ఊళ్ళలో ఆ దినములలో వ్యాధికంటె వ్యాధి వచ్చెనను అపకీర్తికి ఎక్కువ భయపడిరి. వ్రేలికి తగిలించు ఆక్సిమీటరు ఒకటి కొని వీధియంతయు వాడుకొనుడని వ్రాసితిమి. ఇంటిలో పాచిపని చేయు ఆమెను రావలదన్నచో, ఆమె జీతము మాత్రము నెల మొదట ఆమె ఇంటికి చేరవలెనని వ్రాసితిమి. ఈ చివరి పుటకు వచ్చినన్ని జవాబులు మరి దేనికిని రాలేదు. కొందరు మెచ్చుకొనిరి. కొందరు వాక్యము చెప్పుమన్న ఇంటి లెక్కలు చెప్పుచున్నారేమని ఆక్షేపించిరి. రెండవ తెగవారికి మేము లూథర్ ఉత్తరపు సారాంశమును మరుసటి ఆదివారమున పంపితిమి. వారిలో ఒక పెద్దాయన రెండు నెలల జీతము కలిపి ఇచ్చివచ్చితినని మాత్రము కబురు చేసెను. వాక్యమును గూర్చి మరల అడుగలేదు.

తలుపులు మూయుట అవిశ్వాసమనువారును ఉండిరి. కూడుకొనుట మానవద్దని హెబ్రీ పత్రికలో ఉన్న హెచ్చరికను వారు చూపిరి. అది త్రోసివేయదగిన మాట కాదు. ఇంగ్లండు దేశపు బోధకుడు రిచర్డ్ బాక్స్‌టర్ 1673లో ప్రచురించిన తన పెద్ద గ్రంథమున ఈ చిక్కును విడదీసెను. తెగులు, అగ్నిప్రమాదము, శత్రువుల దాడి వంటి వేళలలో ప్రజాక్షేమము కొరకు కొంతకాలము కూడవద్దని అధికారి చెప్పిన వినవలెను. మతద్వేషముతో ఆరాధననే తుడిచివేయుటకు చెప్పిన అది వేరు సంగతి. బాక్స్‌టర్ ప్రభుత్వమునకు తలయొగ్గు స్వభావము గలవాడు కాడు, బోధించినందుకు చెరసాలకు వెళ్ళినవాడు. కావుననే ఆయన మాటకు బరువున్నది. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలమున వాషింగ్టన్ నగరమున దేవాలయములు కొన్ని వారములు మూయబడెను. అచ్చటి నల్లజాతి సంఘకాపరి ఫ్రాన్సిస్ గ్రిమ్కీ, బానిసగా పుట్టినవాడు, తలుపులు తెరచిన పిమ్మట నవంబరు 3న చేసిన ప్రసంగమున అధికారుల ఆజ్ఞను సమర్థించెను. అపాయములోనికి ఊరకే పరుగెత్తి దేవుడు రక్షింపవలెననుట తగదనెను. అదే ప్రసంగమున, తెల్లచర్మము ఆ జ్వరమును ఆపలేదుగదా అని తన దేశస్థులను ఆలోచింపుమనెను. ఒక్క తెగులు కొందరికి గర్వభంగము కూడ చేయగలదు.

మన దేశమున 2020 జూన్ 8 నుండి ప్రార్థనాస్థలములు తెరచుటకు అనుమతి కలిగెను. కాని గాయకబృందములు పాడరాదని నియమము. పాటలేని ఆరాధన తెలుగు క్రైస్తవునకు ఉప్పులేని అన్నము. పురుషోత్తమ చౌదరి కాలమునుండి మన విశ్వాసము కీర్తనరూపముననే ఇంటింటికి చేరినది. ఆయన 1890లో మరణించెను, ఆయన పదములు నేటికిని నోట నానుచున్నవి. గుడిలో పాట నిలిచినందున అది ఇండ్లలోనికి వెళ్ళెను. అప్పుడొక చిత్రము బయటపడినది. చదువురాని నాయనమ్మలకు పది చరణములు కంఠస్థము. వాద్యముల చాటున పెదవులు కదిపిన యువకులకు రెండవ చరణము రాదు. ఆ ఏడాది వారు నాయనమ్మలయొద్ద శిష్యులైరి. ఇది మేము వ్రాయుటచేత జరిగినది కాదు. ఐనను ఆ సంవత్సరమును తలచుకొన్నప్పుడెల్ల మాకు మొదట వినబడునది ఆ వణకు గొంతుల పాటయే.

ఇక అన్నిటికంటె కఠినమైన పుటను గూర్చి చెప్పవలెను. 2020 ఆగస్టులో ఒక కోస్తా పట్టణమునుండి ఒక కుమారుడు వ్రాసెను. తండ్రి ఆసుపత్రిలో పోయెను. కుమారుడు కూడ వ్యాధితో వేరుగా ఉంచబడియుండెను. ఎవరో నలుగురు, కండ్లు తప్ప ఏమియు కనబడని దుస్తులు ధరించి, ఆయనను పూడ్చివచ్చిరి. బోధకుడు లేడు, కీర్తన లేదు, గుప్పెడు మట్టి వేయు చేయి లేదు. పూర్వము అలెగ్జాండ్రియాలోని క్రైస్తవులు ఇట్టి తెగులులోనే రోగులను కౌగిలించి, మృతుల కన్నులు మూసి, స్నానము చేయించి, తామును మరణించిరని మీరే ఒక పుటలో వ్రాసితిరి, మా నాయనకు నేనేమి చేసితిని? ఇది అతని ప్రశ్న.

మేము వ్రాసినది నిజమే. ఆ సంగతి అలెగ్జాండ్రియా బిషప్పు డయనీసియస్ ఒక ఈస్టరు పత్రికలో వ్రాసెను. యూసేబియస్ తన సంఘచరిత్రలో దానిని భద్రపరచెను. అట్టి మరణము హతసాక్షుల మరణమునకు ఏమాత్రము తక్కువ కాదని కూడ డయనీసియస్ భావించెను. ఆ పుటను చదివి ఒకడు తన్ను తాను నిందించుకొనుచుండగా, ఊరకుండుట ఎట్లు? జవాబు వ్రాయుటకు మాకు పదునొకండు దినములు పట్టినవి.

మాకు సాయపడినవాడు అగస్టీన్. 410లో రోమునగరము కొల్లగొట్టబడినప్పుడు ఎందరో సమాధిలేక పడిపోయిరి. దానివలన వారికేమి లోటు కలిగెనను ప్రశ్నను ఆయన దైవనగరమను గ్రంథపు మొదటి భాగముననే విచారించెను. మరల సుమారు 421లో, నోలా పట్టణపు బిషప్పు పౌలినస్ అడుగగా, మృతుల విషయమై చేయవలసినదానిని గూర్చి ఒక ప్రత్యేక గ్రంథము వ్రాసెను. అంత్యక్రియల ఏర్పాట్లు పోయినవారికి చేయు సహాయము కంటె మిగిలినవారికి కలుగు ఓదార్పుగా ఆయన ఎంచెను. అవి లేకపోయినందున దేవుని యెదుట మృతునికి ఏ కొరతయు రాదు. ఐనను దేహమును అలక్ష్యము చేయవచ్చునని ఆయన అనలేదు. తండ్రి వస్త్రమును ఉంగరమును కుమారుడు అపురూపముగా చూచుకొనునే, అంతకంటె దగ్గరిదైన దేహమును ఎట్లు తృణీకరించును అని కూడ అడిగెను. ఈ రెండు మాటలును ఆ కుమారునికి కావలసియుండెను. ఒకటి మాత్రమే చెప్పిన అది అబద్ధమువలె తోచెడిది.

ఇంకొక మాట మేము చేర్చితిమి. అలెగ్జాండ్రియావారికి వ్యాధి ఎట్లు అంటునో తెలియదు. తెలిసిన మనకు, ముట్టకుండుటయే కొన్నివేళల ప్రేమ చేయవలసిన పని. మీ నాయనను మోసిన ఆ నలుగురు అలెగ్జాండ్రియావారి పనినే చేసిరి. వారు ఏ మతస్థులో మీరెరుగరు. పురపాలక సిబ్బందియు స్వచ్ఛంద సేవకులును ఆ ఏడాది అందరి మృతులను మోసిరి. పలుచోట్ల ముస్లిము యువకులు హిందువులను, క్రైస్తవులను తమ భుజములపై మోసి వారివారి ఆచారము ప్రకారము సాగనంపిరి. వారి కొరకు ప్రార్థింపుడని ఆ కుమారునికి వ్రాసితిమి.

ఆ జవాబుతో పని తీరలేదు. కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకములను తెప్పించి చదివితిమి. దేహమును కడుగుట, ముద్దిడుట, కౌగిలించుట కూడదని అందున్నది. దేహమును తాకనవసరము లేని మతక్రియలు, గ్రంథపఠనము, చేయవచ్చుననియు అందే ఉన్నది. ఈ రెండవ భాగము చాలమందికి తెలియదు. భయముచేత అడిగినవారు కూడ లేరు. మేము ఐదు నిమిషములలో ముగియు భూస్థాపన క్రమమొకటి కూర్చితిమి. ఒక పాఠము, ఒక ప్రార్థన, మృతుని పేరు చెప్పవలసిన ఒక ఖాళీ, ఒక ఆశీర్వాదము. దూరముగా నిలిచి ఒక్కరు చదివినను చాలును. ఎవరును రాలేనిచో ఫోనులో వినిపింపవచ్చును. 52 పుటలలో అత్యధికముగా చేతులు మారినది అదియే. దానిలో మేము వ్రాసినది చాల తక్కువ.

విపత్తును మతమునకు పెట్టుబడిగా చేసికొనరాదను సంగతిలో మాకు మన ప్రాంతపు చరిత్రయే పాఠము. 1876-78 గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని వేలాది జనమునకు కూలి కల్పించెను. కరవు సాగినన్నాళ్ళు బాప్తిస్మములను నిలిపివేసెను. అన్నము కొరకు వచ్చినవానిని విశ్వాసము కొరకు వచ్చినవానిగా లెక్కింపరాదని ఆయన తలపు. మా పుటలతోపాటు బియ్యపు సంచులు పంచిన యువకులకు ఈ కథ ముందుగా చెప్పి పంపితిమి. సంచిలో పుటను పెట్టలేదు.

2021 ఏప్రిల్ 4న ఈస్టరు ఆరాధనకు దేవాలయములు తెరచియుండెను. మా 52వ పుట అదేనాడు వెలువడెను. ఇక వ్రాయవలసిన అక్కర తీరినదని తలచితిమి. జనవరి 16నుండి టీకాలు వేయుచుండిరి. పెద్దలు చాలమంది మొదటి సూది వేయించుకొనియుండిరి. రెండు వారములు తిరుగకముందే రెండవ ఉప్పెన వచ్చి పడినది. ఏప్రిల్, మే నెలలలో మేము పంపినవానికి వ్యాసములను పేరు తగదు. పైన రెండు పంక్తుల ప్రార్థన. క్రింద, ఏ వీధిలో ఏ ఇంటివారందరు పడకవేసిరి, వారికి ఎవరు వండుచున్నారు, పథ్యమేమి, క్యారియరును ఎన్నిగంటలకు గుమ్మము ముందు పెట్టవలెను అను వివరములు. ఒక్కొక్కనాడు రెండుసార్లు మార్చి పంపవలసివచ్చెడిది. ఆ కాగితములను మేము ఆ 52తో కలిపి లెక్కింపలేదు.